తొమ్మిదో వరుస

3, సోమవారం

ఇరవై నాలుగో తేదీన కమిటీ వస్తోంది. మా బిజినెస్ స్కూలుకి గుర్తింపు ఉంచాలో తీసేయాలో వాళ్ళు తేలుస్తారు. ఈసారి చూసేది ప్రతి సబ్జెక్టులోనూ సుస్థిరత ఉందా లేదా అని. నీళ్ళు, గాలి, మట్టి, రాబోయే తరాలు, అవన్నీ. డైరెక్టరుగారు మీటింగులో ఆ మాట ఎన్నిసార్లు అంటారో లెక్కపెడదామని మొదలుపెట్టి పద్నాలుగు దగ్గర మానేశాను.

మార్కెటింగ్ మాస్టారు అప్పటికే పని ముగించుకుని వచ్చాడు. తన స్లైడ్లన్నిటికీ కింద మూలన పచ్చటి ఆకు బొమ్మ పెట్టాడు. పాఠం మాత్రం పాతదే. అవసరం లేనివాడి చేత సరుకు ఎలా కొనిపించాలి అన్నది.

మీటింగయ్యాక డైరెక్టరుగారు నన్ను ఆపారు. కమిటీ కూర్చుని చూసే క్లాసు నాదేనట, నా "మూడో షిఫ్టు" కేసు. కేసంటే ఒక సంస్థకి నిజంగా ఎదురైన సమస్య, విద్యార్థులు చర్చించి తేల్చాలి. పదిహేడేళ్ళ కిందట ఒక రంగుల మిల్లులో నాలుగు రోజులుండి రాసుకొచ్చాను. గుడ్డలకు రంగు వేసే మిల్లు రెండు షిఫ్టులు నడుస్తోంది, మూడోది పెట్టాలా వద్దా? ఎనిమిది వరుసల పట్టిక ఇస్తాం. విద్యార్థులు గంటన్నర కొట్టుకుని "పెట్టాలి" అని తేలుస్తారు. దానికి బహుమతి వచ్చింది. అచ్చయిన ఏడాదే మిల్లువాళ్ళు అది చూసి నిజంగానే మూడో షిఫ్టు పెట్టారు. మా బ్రోషరు రెండో పేజీలో ఇప్పటికీ ఆ సంగతి ఉంటుంది.

క్లాసు బాగా జరిగితే కొత్తగా పెట్టబోయే సుస్థిరత కేంద్రం నా చేతికే ఇస్తారట. ఆరేళ్ళలో రిటైరవుతాను. ఇంతవరకూ తలుపు మీద నా పేరున్న గది ఒక్కటీ లేదు. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, ఆ కేంద్రం నాకు కావాలి. చాలా కావాలి.

కేసులో నీళ్ళ సంగతి ఎక్కడైనా ఉందా అని అడిగారు. మొదట ఉండేది, పేజీలో చోటు సరిపోక తీసేశానన్నాను. నిజమే. చోటు సరిపోలేదు.

4, మంగళవారం

పాఠ్యప్రణాళికలో "సుస్థిరత" అనే మాట పదకొండు చోట్ల చేర్చాను. ఇరవై నిమిషాలు పట్టింది. మాస్టారి ఆకును చూసి నవ్వాను గానీ, ఇది ఆకు కంటే తేలిక.

6, గురువారం

కమిటీ రాకముందు ఒకసారి చేయించి చూద్దామని క్లాసులో కేసు ఇచ్చాను. అంతా సాఫీగా సాగుతుండగా చివరి బెంచీలో లాండ్రీ అమ్మాయి చెయ్యెత్తింది. వాళ్ళమ్మ లాండ్రీ నడుపుతుంది. అందుకని అందరూ అలాగే పిలుస్తారు, ఆ పిల్లా పలుకుతుంది.

"మేడం, మా అమ్మ పది దుప్పట్లు ఉతకాలన్నా ముందు వెళ్ళి ట్యాంకు చూసొస్తుంది. ఇక్కడ రోజుకి ఇన్ని వేల మీటర్ల గుడ్డకి రంగేస్తున్నారు. ఈ ఎనిమిది వరుసల్లో నీళ్ళెక్కడున్నాయి?"

మిషను గంటలు, మనుషులు, రంగులు, బొగ్గు, కరెంటు, గిడ్డంగి, రవాణా, మరమ్మతులు. నీళ్ళు లేవు. మిల్లుకి సొంత బావి ఉంది, ఖర్చు సున్నా, సున్నా వరుసలు పట్టికలో పెట్టం అని చెప్పాను. అయితే ఆ బావిలో నీళ్ళు ఎన్నేళ్ళకి సరిపోతాయి అంది.

నాకు ఒళ్ళు మండింది. పదిహేడేళ్ళలో ఒక్కరూ అడగని ప్రశ్న ఇప్పుడే రావాలా? అంత ఆసక్తి ఉంటే నువ్వే కనుక్కుని రా, మార్కులు వేస్తానన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వకుండా నోటుబుక్కులో రాసుకుంది.

7, శుక్రవారం

చోటు ఒక్కటే కాదు, ఆ కొలతలు ప్రామాణికమైనవి కూడా కావు.

మిల్లులో పంపు నడిపే మనిషి ఒకాయన ఉండేవాడు. అందరూ పంపాయన అనేవారు. ఉన్న నాలుగు రోజుల్లో కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఏం రాసుకుంటున్నారమ్మా అని అడిగినవాడు ఆయనొక్కడే. ప్రతి నెలా ఒకటో తారీఖున తాడు కొసకి రాయి కట్టి బావిలోకి వదిలి, నీళ్ళు ఎంత లోతులో తగిలాయో రాసుకునేవాడు. ఎవరూ చెయ్యమనలేదు. నేను బయల్దేరే రోజు పదకొండేళ్ళ లెక్క ఒకే కాగితం మీద ఎత్తి రాసి నా చేతిలో పెట్టాడు.

కొలతలన్నీ బారల్లో ఉన్నాయి. రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకి ఒక బార. అవి ఆయన చేతులు. ఇంకొకరివైతే ఇంకో లెక్క. అలాంటి అంకెలు తెచ్చి కేసులో ఎలా పెడతాం? నా స్థానంలో ఎవరున్నా తీసేసేవారు.

భోజనం దగ్గర అత్తయ్య నన్ను రెండుసార్లు పిలిచారట, నేను పలకలేదట. మా ఆయన ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరుగుతుంటారు, ఇంట్లో ఎప్పుడూ మేమిద్దరమే. ఎనభై దాటినా అత్తయ్యలో హెడ్మిస్ట్రెస్ రిటైరవలేదు. ఎర్ర పెన్సిలు పట్టుకుని పేపర్లో అచ్చుతప్పులు దిద్దుతారు. నా మొహం కూడా అలాగే చూశారు. తలనొప్పి అని చెప్పాను.

10, సోమవారం

లాండ్రీ అమ్మాయి కనుక్కుని వచ్చింది. మిల్లుకి ఫోన్ చేస్తే గేటు దగ్గర ఉండే మనిషి పంపాయన నంబరు ఇచ్చాడట. ఆయన రిటైరైనా మిల్లు ఎదురుగానే ఉంటున్నాడు. కాలేజీ నుంచి ఫోనని తెలిసి మురిసిపోయాడట. ఆ మేడం బాగున్నారా అని ముందు నన్నే అడిగాడట.

"నా కాగితం మీ పుస్తకంలోనే ఉంది కదమ్మా, మళ్ళీ నన్నడుగుతావేంటి అన్నాడు మేడం. మన దాంట్లో నాకు కనబడలేదు. ఏ పేజీలో ఉంది?"

పాత ముద్రణలో ఉంది అన్నాను.

11, మంగళవారం

పాత ముద్రణ అంటూ ఏదీ లేదు. మొదటి నుంచీ ఉన్నది ఇదొక్కటే.

13, గురువారం

గోరుచుట్టు మీద రోకటి పోటు. లాండ్రీ అమ్మాయి నేరుగా డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి, పంపాయనను ఇరవై నాలుగో తేదీ క్లాసుకి పిలవొచ్చా అని అడిగింది. ఆయన ఎగిరి గంతేశారు. కమిటీ ముందు కార్మికుడు, బావి, తాడు! కారు పంపిస్తానన్నారు. ఆ తర్వాత నన్ను పిలిచి పాత ముద్రణ ఒక కాపీ ఇమ్మన్నారు.

లేదని చెప్పేశాను. కాగితం నా దగ్గరే ఉండిపోయిందనీ, కేసులో ఎప్పుడూ వెయ్యలేదనీ చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"ఇప్పుడు వేసెయ్యండి మేడం. పాత తేదీతోనే వేసెయ్యండి. ఆయన కాగితం ఆయన చూసుకుని సంతోషిస్తాడు, కమిటీ ముచ్చటపడుతుంది. ఇందులో ఎవరికి నష్టం?"

లేచి వచ్చేశాను. దారి పొడుగునా ఆ ప్రశ్నకి జవాబు వెతికాను. నిజంగానే ఎవరికీ నష్టం లేదు.

14, శుక్రవారం

కాగితం దొరికింది. నా గదిలో ఇనుప బీరువా కింది అరలో, కేసు ఫైల్లో ఉంది. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. మొదటి ఏడాది నాలుగు బారల లోతులో నీళ్ళు. పదకొండో ఏడాది చివర తొమ్మిదిన్నర. అడుగున గీత కొట్టి "బావి మొత్తం లోతు పదహారు బారలు" అని రాశాడు. వెనక పక్క చూడలేదు, అక్కర్లేదు.

ఇంకోటి కూడా రాసుకోవాలి. మిల్లువాళ్ళు సంతకం పెడితే గానీ కేసు అచ్చుకి వెళ్ళదు, అది పద్ధతి. ఈ కాగితం ఉంటే వాళ్ళు సంతకం పెట్టేవారు కాదు. తీసెయ్యక తప్పలేదు.

15, శనివారం

వేసేశాను. తొమ్మిదో వరుస, పేరు "బావి నీటిమట్టం". కాగితాన్ని ఫోటో తీసి ఆఖరి పేజీలో అనుబంధంగా పెట్టాను. తేదీ పదిహేడేళ్ళ కిందటిదే. అరవై కాపీలు అచ్చయి వచ్చాయి. పేజీలో చోటు బాగానే సరిపోయింది.

16, ఆదివారం

పొద్దున్న నేను స్నానానికి వెళ్ళి వచ్చేలోపు అత్తయ్య కొత్త కాపీ, పాత కాపీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నారు. చేతిలో ఎర్ర పెన్సిలు ఉంది. రెండిటి మీదా ఒకే తేదీ ఉందేమిటి, ఒకదాంట్లో ఎనిమిది వరుసలూ ఇంకోదాంట్లో తొమ్మిదీ ఉన్నాయేమిటి అని అడిగారు. చిన్న సవరణ అన్నాను.

"మా స్కూల్లో రిజిస్టర్లో తప్పు పడితే ఒక్క అడ్డగీత కొట్టించేదాన్ని. కింద పాత అంకె కనబడాలి. గోకి చెరిపేసి పైన రాసిన టీచర్ని మాత్రం మళ్ళీ రిజిస్టరు ముట్టుకోనిచ్చేదాన్ని కాదు."

మీ కాలం వేరు అత్తయ్యా అన్నాను. అవును, మా కాలంలో పెన్సిళ్ళు బాగుండేవి అన్నారు. రెండు కాపీలూ దొంతిగా సర్ది నా వైపు జరిపారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ ఇంకేమీ అడగకుండానే నేనొక అరగంట సంజాయిషీ చెప్పాను. చోటు, బారలు, సంతకం. మూడూ ఒకదాని వెనక ఒకటి చెబుతుంటే నాకే ఎక్కువనిపించాయి.

18, మంగళవారం

పంపాయన దగ్గర నుంచి పోస్టులో కవరు వచ్చింది. అందులో చిన్న ఉత్తరం. "అమ్మా, మీకిచ్చిన కాగితం తర్వాత కూడా ఆపకుండా రాస్తూనే ఉన్నాను. పుస్తకం మళ్ళీ అచ్చేసేటప్పుడు ఇవి కూడా చేరుస్తారని పంపుతున్నాను. రిటైరయ్యాక కూడా ఒకటో తారీఖున గేటు మనిషి నన్ను లోపలికి రానిస్తాడు."

పదిహేడేళ్ళ లెక్క, నెలకొక లైను. మూడో షిఫ్టు మొదలైన నెల దగ్గర చిన్న చుక్క పెట్టాడు. పది బారలు, పదకొండు, పదమూడు. తొమ్మిదో ఏట పదహారు. ఆ తర్వాత అంకెలు లేవు. నెలనెలా ఒకే మాట.

తాడు తడవలేదు. తాడు తడవలేదు. తాడు తడవలేదు. ఎనిమిదేళ్ళు, ప్రతి నెలా.

ఎందుకు రాశాడు? ఎండిందని ఒక్కసారి రాసి ఊరుకోవచ్చు కదా.

19, బుధవారం

అన్నం సయించలేదు. అత్తయ్య అడగలేదు.

20, గురువారం

లాండ్రీ అమ్మాయి వచ్చి పంపాయనకు ఒక కాపీ ముందే పంపమంటారా అని అడిగింది. వద్దు, ఆ రోజు నేనే చేతికి ఇస్తానన్నాను. ఆ పిల్ల నన్ను అనుమానంగా చూసిందని రాయబోయాను. లేదు. నమ్మకంగానే చూసింది, అందుకే కష్టంగా ఉంది.

21, శుక్రవారం

ఫైలంతా బల్ల మీద పరిచాను. మిల్లువాళ్ళు అభ్యంతరం చెప్పిన ఉత్తరం ఒకటి ఉండాలి అనుకున్నాను. అలాంటిది దొరికితే చాలు, కమిటీ ముందైనా పంపాయన ముందైనా తలెత్తుకుని నిలబడొచ్చు.

ఉత్తరం ఉంది. నాలుగు లైన్లు. "మీరు పంపిన ప్రతి చదివాం. అభ్యంతరాలు ఏమీ లేవు." దానికి గుచ్చి నేను పంపిన ప్రతి కూడా ఉంది. అందులో ఎనిమిది వరుసలే ఉన్నాయి.

వాళ్ళు తీసెయ్యమనలేదు. వాళ్ళకి అసలు చూపించనే లేదు. వద్దంటారేమోనని ముందే నేనే తీసేశాను. ఇన్నాళ్ళూ వాళ్ళే అన్నట్టు నాకు జ్ఞాపకం.

అప్పుడు కాగితం వెనక్కి తిప్పాను. అక్కడ ఏముందో నాకు తెలుసు. పోయిన శుక్రవారం కూడా తెలుసు. పెన్సిల్‌తో నా చేతిరాత: "2 షిఫ్టులు – 13 ఏళ్ళు. 3 షిఫ్టులు – 9 ఏళ్ళ లోపే ఖాళీ." దాని కింద రెండు గీతలు.

బారలు ప్రామాణికం కావన్న మనిషిని, అవే బారలతో లెక్క వేశాను. సరిగ్గానే వచ్చింది. తొమ్మిదో వరుస పెడితే కేసు జవాబు "వద్దు" అవుతుంది. వద్దు అన్న కేసుకి బహుమతి ఎవరిస్తారు? అంతే. చోటు కాదు, బారలు కాదు, సంతకం కాదు. బహుమతి.

22, శనివారం

డైరెక్టరుగారి ఇంటికి వెళ్ళాను. కొత్త కాపీలు పంచనని చెప్పాను. ఆయన కోప్పడలేదు, దానికే ఇంకా భయమేసింది. కూర్చోబెట్టి, ఈ గుర్తింపు పోతే వచ్చే ఏడాది ఎంతమంది పిల్లలు చేరతారో, ఎంతమంది మాస్టార్లు ఇంటికి వెళ్ళాల్సి వస్తుందో నిదానంగా చెప్పారు. ఒక పాత కాగితం కోసం ఇంతమందిని పణంగా పెడతారా అన్నారు. కేంద్రం సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తకపోవడంలోనే అంతా ఉంది.

ఇంటికి వచ్చి అరవై కాపీలనూ ముట్టుకోలేదు, చింపనూ లేదు.

23, ఆదివారం

రెండు కట్టలూ సంచిలో పెట్టుకున్నాను. పాతవీ కొత్తవీ. ఏది తీస్తానో రేపు తెలుస్తుంది. ఇలా రాస్తున్నానంటే ఇంకా తేల్చుకోలేదన్నమాట. సిగ్గుగా ఉంది.

24, సోమవారం

పంపాయన నాకంటే ముందే వచ్చి మొదటి బెంచీలో కూర్చున్నాడు. బాగా సన్నబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో తాడు చుట్ట. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. వెనక వరుసలో కమిటీవాళ్ళు ముగ్గురు, పక్కనే డైరెక్టరుగారు.

సంచిలో చెయ్యి పెట్టాను. పాత కట్ట వచ్చింది. నేనే తీశానో, పైన ఉంది కాబట్టి వచ్చిందో ప్రమాణం చేసి చెప్పలేను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి వేలు పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. పద్నాలుగు పేజీలు. క్లాసంతా కాగితాల చప్పుడు. ఆఖరి పేజీ దాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చాడు. తొందరపడటం తెలియని మనిషి. రెండోసారి కూడా అయ్యాక తలెత్తాడు.

"నాది ఏ పేజీ అమ్మా?"

"ఏ పేజీలోనూ లేదండీ. నేనే తీసేశాను. అది పెడితే మూడో షిఫ్టు వద్దని తేలుతుంది. నాకు ఆ రోజే తెలుసు."

వెనక ఒక కుర్చీ కదిలింది. నేను అటు చూడలేదు. బోర్డు మీద ఎనిమిది వరుసలూ వేసి, వాటి కింద తొమ్మిదోది గీసి, ఆయన అంకెలు వేశాను. కింద పదిహేడేళ్ళుగా ఉన్న జవాబు రాశాను, "పెట్టాలి". డస్టరు పక్కన పెట్టి దాని మీద ఒక్క అడ్డగీత కొట్టాను. పక్కన "వద్దు" అని రాశాను. రెండూ కనబడుతున్నాయి. గీత వంకరగా వచ్చింది.

పంపాయన బోర్డు మీది అంకెలు ఒక్కొక్కటే చదివాడు. ఆయన తిడితే బాగుండేది.

"ఊళ్ళో బావులు కూడా దిగిపోతున్నాయని మా వాళ్ళు ఆఫీసర్ల దగ్గరికి పోతామంటే నేనే ఆపానమ్మా. కాలేజీ పుస్తకంలో రాసి ఉంది, చదువుకున్నవాళ్ళు చూస్తున్నారు, వాళ్ళే ఏదో ఒకటి చేస్తారని చెప్పాను. రెండుసార్లు ఆపాను."

తర్వాత కాపీని మడతపడకుండా బెంచీ మీద పెట్టాడు. తాడు సంచి చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"పుస్తకంలో లేదని నేను వాళ్ళకి చెప్పలేను. మీరొచ్చి చెప్పండి."

25, మంగళవారం

కమిటీ ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది. నివేదిక రెండు నెలలకి వస్తుందట. సుస్థిరత కేంద్రం మార్కెటింగ్ మాస్టారికి ఇచ్చారు. తలుపు మీద అప్పుడే ఆకు అంటించాడు. చూసి నవ్వొచ్చింది, తర్వాత బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. గది పోయినందుకు కూడా ఏడ్చాను, అబద్ధం ఎందుకు.

28, శుక్రవారం

కొత్త కాపీలు అరవైయీ చింపేశాను. అత్తయ్య పక్కన కూర్చుని సాయం చేశారు. మధ్యలో, "కోడలా, రిజిస్టరు నీ దగ్గరే ఉంచుకో" అన్నారు. అంతకు మించి మెచ్చుకోవడం ఆవిడకి రాదు.

1, సోమవారం

సెలవు పెట్టి వెళ్ళాను. నాతో వస్తానన్న లాండ్రీ అమ్మాయిని వద్దన్నాను.

పంపాయన ఇంటి ముందు పదిహేను మంది దాకా ఉన్నారు. సగం మంది నీళ్ళ ట్యాంకరు కోసం బిందెలతో వచ్చినవాళ్ళే. దారిలో చెప్పుకోవలసిన మాటలు చాలా కూర్చుకున్నాను. అక్కడ నిలబడ్డాక నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. బిందె పట్టుకున్న ఒకావిడ మాత్రం అడిగింది.

"అంటే ఇన్నేళ్ళూ ఆ కాగితం ఎవరూ చదవలేదా?"

"నేను చదివాను" అన్నాను.

ఆవిడ నన్ను పై నుంచి కిందికి చూసింది. ట్యాంకరు వచ్చింది, అందరూ అటు వెళ్ళారు.

పంపాయన నన్ను మిల్లు గేటు దాటించి బావి దగ్గరికి తీసుకెళ్ళాడు. గట్టు మీద సంచి విప్పి, రాయి కట్టిన తాడు నా చేతికిచ్చి పక్కకి తప్పుకున్నాడు. వదిలాను. చాలాసేపు జారింది. రాయి రాతికి తగిలిన చప్పుడు వినిపించింది. పైకి లాగి, తాడు కొస అరచేతిలో పట్టుకుని చూశాను.

ఆయన తన పుస్తకం తెరిచి గట్టు మీద పెట్టి, కలం మూత తీసి ఇచ్చాడు. పై లైన్లలో ఉన్న మాటే ఈ నెల నా చేత్తో రాశాను.

తాడు తడవలేదు.